వస్తే మంచిది కొందాం

నేను ఒక ఫిడేలుని. కచేరీల్లో పట్టుగుడ్డ మీద పడుకునేవాటిని వయొలిన్లంటారు. ఆహ్వానపత్రికల మీదైతే వాయులీనం అని కూడా అచ్చువేస్తారు. నన్ను మాత్రం ఎవరూ అలా పిలవలేదు. మొదట్లో "పిల్లదాని ఫిడేలు" అన్నారు, ఆ తర్వాత "గోడమీది బొమ్మ" అన్నారు. పిలుపుదేముంది, పోనివ్వండి. నా మీద పడాల్సిన నింద ఒకటి నా మీద పడకుండా పదకొండేళ్ల పిల్ల మీద పడింది. అది మోస్తూ ఆ పిల్ల పెద్దదైపోయింది. నాకు నోరుంటే ఆ రోజే చెప్పేదాన్ని. నాకున్నవి నాలుగు తీగలు, అవీ సరిగ్గా పలకవు.

నన్ను పుట్టించినవాళ్లకి నా మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. ఉత్తరాదిన ఒక కార్ఖానా. అక్కడ నాలాంటివి రోజూ పుడతాయి. ఒకడు చెక్క కోస్తాడు, ఒకడు జిగురు రాస్తాడు, ఒకడు మెడ అతికిస్తాడు. వేళ్లు ఆడే పలక గట్టి నల్లచెక్కతో చెయ్యాలి. నాకు మామూలు చెక్కకే నల్లరంగు పూశారు. మెడ చివర నాలుగు బిరడలుంటాయి. తీగని చుట్టుకుని, ఎంత బిగించాలో అంత బిగించి పట్టి ఉంచే కొయ్య మేకులవి. వాటిని పట్టి ఉంచడానికి మరలూ లేవు, ఇనప చీలలూ లేవు. కొయ్య కొయ్యని బిర్రుగా పట్టుకుని ఉండాలి, అంతే. ఆ పట్టు కుదరాలంటే చెక్కేవాడు కాస్త ఓపిక పట్టాలి. నన్ను చెక్కినవాడికి భోజనం వేళయింది. నా బిరడలు అరకొరగానే కూర్చున్నాయి. వార్నిషు మాత్రం ఒక పూత ఎక్కువే వేశారు. కొనేవాళ్లు చూసేది వార్నిషే అని వాళ్లకి తెలుసు. మనుషుల సంగతి ఆ కార్ఖానావాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదనుకుంటాను.

అక్కణ్ణుంచి రైలెక్కి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక షాపుకొచ్చాను. పేరుకి వాద్యాల షాపే గాని, లోపల క్యారం బోర్డులు, క్రికెట్ బ్యాట్లు, స్కూళ్లలో బహుమతులిచ్చే కప్పులు, రెండు హార్మోనియంలు. అద్దాల బీరువాలో నేను. నా పక్కన నాకంటే చిన్నది ఇంకొక ఫిడేలు ఉండేది. వెలిసిపోయిన రంగు, మెరుపు లేదు, పెట్టె కూడా పాతగుడ్డ పెట్టె. దాన్ని ఎవరో తీరికున్నవాడు చేశాడు. దాని తీగని ఒకసారి మీటితే, మర్నాడు మీటినా అదే పలికేది. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండేది, నిజమే చెబుతున్నాను.

నన్ను కొన్నాయన పేరు విశ్వపతి. ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలవల మ్యాపులు గీసే మనిషి. గీత వెంట్రుకవాసి పక్కకి పోయినా ఒప్పుకోడు. ఆయన కూతురు నళిని. రేడియోలో ఫిడేలు వినిపిస్తే అన్నం మానేసి కూర్చునే పిల్ల. ఏడాదిపాటు ఇంట్లో పోరుపెట్టి, ఏడ్చి, చివరికి తండ్రిని ఒప్పించింది. ఆయన ముందుగా చయనులు మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఊళ్లో ఫిడేలు చెప్పేవాళ్లలో ఆయనదే పెద్దపేరు. ఎలాంటిది కొనమంటారని అడిగితే మాస్టారు తాంబూలం నముల్తూ, "మొదటిదే కదండీ! ఏదో ఒకటి పడెయ్యండి. పిల్లకి వస్తే అప్పుడు మంచిది కొందాం," అన్నారు.

వస్తే మంచిది కొందాం. ఈ మాట మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎవరి గురించో అనే ఉంటారు. బురదగుంటలో దింపి, ఈదితే చూద్దాం, అప్పుడు చెరువుకి తీసుకెళ్దాం అన్నట్టుంటుంది. మంచిది ఉంటేనేగదా వచ్చేది! ఆ ముక్క ఆ పెద్దమనుషులిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

షాపుకి తండ్రి, తల్లి, పిల్ల వచ్చారు. షాపాయన మా ఇద్దర్నీ తీసి గాజుబల్ల మీద పెట్టాడు. ధర ఇద్దరికీ ఒకటే. విశ్వపతిగారు నన్ను దీపం కింద అటూ ఇటూ తిప్పారు. వేలితో కొట్టి చూశారు. పెట్టె తెరిచి లోపలి నీలం వెల్వెట్ తడిమారు. పైనున్న కొక్కేలు బిగించి విప్పారు. తీగల జోలికి మాత్రం పోలేదు. నళిని ఆ చిన్నదాన్ని దగ్గరికి లాక్కుని నాలుగు తీగలూ ఒక్కొక్కటే మీటింది. చెవి దాని మీదకి వంచి, ఆ నాదం ఆగిపోయేదాకా వింది. తర్వాత నన్ను మీటింది. రెండో తీగ దగ్గరే మొహం ముడుచుకుంది.

"నాన్నా, ఆ చిన్నది," అంది.

"పిల్లది చిన్నది బాగుందంటోందండీ," అంది తల్లి.

"దానికేం తెలుసు? ఎదిగే పిల్ల. రెండేళ్లయితే చెయ్యి సాగుతుంది, అప్పుడు మళ్లీ పెద్దది కొనాలా? యూనిఫాం అయినా రెండువేళ్లు వదులుగానే కుట్టిస్తాం కదా. అయినా ఒకే ధరకి పెద్దది వస్తుంటే ఎవడైనా చిన్నది కొంటాడా?" అన్నారాయన.

షాపాయన వెంటనే, "మీరు చెప్పిందే రైటు సార్. పైగా దీని షైనింగు చూడండి. ఏదైనా తేడా వస్తే పట్రండి, మార్చి ఇచ్చేస్తాను, మనం ఎక్కడికి పోతాం!" అన్నాడు. నళిని ఆ చిన్నదాన్ని మెల్లిగా వెనక్కి జరిపేసింది. దానికి ఫిడేలు కావాలి. పెద్దదో చిన్నదో, వద్దంటే అసలుకే ఎసరొస్తుందని భయం. నన్ను ఒళ్లో పెట్టుకుని రిక్షాలో ఇంటికి తీసుకొచ్చింది. దారంతా పెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు.

అవి దసరా రోజులు. విజయదశమినాడు పాఠం మొదలు. ముందురోజు నవమికి ఆయుధపూజ. విశ్వపతిగారి తల్లి, ఇంట్లో అందరికీ బామ్మ, పొద్దున్నే మడికట్టుకుని ఇంట్లో ఉన్న సమస్త యంత్రాలనూ వరసగా పెట్టించింది. కుట్టుమిషన్, సైకిలు, కత్తిపీట, కొడుకు కంపాసుపెట్టె, చివర నేను. అన్నిటినీ తుడిచింది. కుట్టుమిషన్‌కి నూనె వేసి బొట్టు పెట్టింది. సైకిలు చెయినుకి నూనె వేసి బొట్టు పెట్టింది. నా దగ్గరికొచ్చి బిరడ ఒకటి తిప్పి చూసింది. అది కిర్రుమంది.

"అయ్యో, ఎలా మూలుగుతోందో చూడవే, పాపం! తల్లికి చమురు చుక్క లేదు," అని నాలుగు బిరడల సందుల్లోనూ కొబ్బరినూనె పోసింది. ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి ఇంకేలా చేసింది. కిర్రు పోయింది. బామ్మ మొహం వెలిగిపోయింది. నాకు గంధం, కుంకుమ, అక్షతలు, హారతి. "సాక్షాత్తూ సరస్వతీదేవి" అని లెంపలేసుకుని దణ్ణం పెట్టింది. ఇల్లంతా వచ్చి దణ్ణం పెట్టారు. నన్ను దేవతని చేసిన చేతులే నా గొంతు నొక్కేశాయి. అందులో పిసరంత దురుద్దేశం లేదు, అదే నాకు కడుపుమంట. తిట్టుకుందామంటే నోరు రాదు. ఆవిడ నన్ను అంత ప్రేమగా తుడిచింది.

కొయ్యకీ కొయ్యకీ మధ్య నూనె చేరాక ఇంక పట్టేమిటి? తీగ లాగుతూ ఉంటే బిరడ మెల్లిగా వెనక్కి తిరుగుతుంది. కంటికి కనపడదు. చెవికి మాత్రం వినపడుతుంది, అదీ చెవి ఉన్నవాళ్లకి.

మాస్టారింటి హాల్లో చాప మీద పిల్లలు బాసింపట్టు వేసుకుని వరసగా కూర్చునేవారు. నా తల నళిని కుడిపాదం మీద, నా ఒళ్లు దాని భుజం కింద. నేను పెద్దదాన్ని కదా, దాని చెయ్యి నా మెడ చివరిదాకా సాగలాగితేగాని అందేది కాదు. మణికట్టు వాచేది. ఇంటికెళ్లి ఉప్పునీళ్లలో పెట్టుకునేది, మర్నాడు మళ్లీ వచ్చేది. మాస్టారు శ్రుతిపెట్టె పెట్టి, అందరి ఫిడేళ్లూ వరసగా శ్రుతి చేసి ఇచ్చేవారు. "ఊఁ, పట్టండి," అనేవారు. సరళీ స్వరాలు మొదలయ్యేవి. రెండో వరస కూడా అవకముందే నా పంచమం దిగడం మొదలు.

నళిని ఆగిపోయేది.

ఆ పిల్ల చెవి ఎలాంటిదో నేను చెబుతాను, నాకంటే దగ్గరగా విన్నవాళ్లు లేరు. తీగ జారిందో లేదో, దాని మీద లాగే కమాను ఆగేది. వేలు కాస్త పైకి జరిపి, జారినంత మేర సర్దుకుని పలికించాలని చూసేది. కాని విడి తీగ మీద పలికే స్వరానికి వేలేం చేస్తుంది? పళ్లు బిగబట్టి కూర్చునేది. దాని పక్కనే సుభద్ర అని ఒక పిల్ల. దానికి అన్నగారి మంచి ఫిడేలు వచ్చింది. ఆ పిల్లకి షడ్జమానికీ పంచమానికీ తేడా తెలియదు పాపం. గోడకి సున్నం వేసినట్టు కమాను లాగుతూ పోయేది. ఫిడేలు మంచిది కనక శ్రుతిలోనే ఉండేది. "భేష్! అలా ఆగకుండా పోవాలి," అనేవారు మాస్టారు. నా నళినిని చూసి, "ఏమ్మా, నీకు మధ్యలో నిద్రొస్తుందా?" అనేవారు. పిల్లలు నవ్వేవారు.

"పంచమం జారిపోతోంది మాస్టారూ," అంది ఒకరోజు ధైర్యం చేసి.

"ఇప్పుడేగా కలిపి ఇచ్చాను! వాద్యం మీద నెపం పెట్టడం అప్పుడే నేర్చావూ? చెవి పెట్టు ముందు."

చెవి పెట్టమని ఎవరితో అన్నారండీ ఆ మాట! నాకు ఫెళ్లున విరిగిపోవాలనిపించింది. ఆయన చేతిలో అప్పుడు సుద్దముక్క ఉంది. నల్లబల్ల మీద స్వరాలు రాసే సుద్ద. నా బిరడలు ఊడదీసి, గుడ్డతో నూనె తుడిచి, ఆ సుద్ద కాస్త రుద్దితే చాలు, పట్టు దొరికేది. ఆయనకి తెలియకనా? తన ఫిడేలు బిరడలకి ఆయన శుక్రవారం శుక్రవారం రుద్దుకునేవారు, నేను కళ్లారా చూశాను. కాని పిల్లల ఫిడేలు మొదటి ఫిడేలు. అది అలాగే ఉంటుందని ఆయన లెక్క. పిల్ల నిలబడితే, అప్పుడు మంచిది వస్తుంది కదా!

ఒకసారి దారి దొరికినట్టే దొరికింది. నళిని ఇంట్లో సాధన చేస్తూ ఏడ్చింది. తల్లి చూసి భర్తతో చెప్పింది. విశ్వపతిగారు నాకోసం కాకపోయినా, ఏడుపు చూడలేక, "సర్లే, షాపాయన మార్చి ఇస్తానన్నాడుగా, రేపు తీసుకెళ్తాను," అన్నారు. నళిని కళ్లు తుడుచుకుని తనే నన్ను పెట్టెలో పెట్టి కొక్కేలు వేసింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. షాపు బీరువాలో పడి ఉంటే ఎవరి కొంపా ముంచకుండా ఉండేదాన్ని. పొద్దున ఆయన పెట్టె పట్టుకుని గడప దాటబోతుంటే బామ్మ అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికిరా విశ్వం?"

"ఫిడేలు బాగాలేదుటమ్మా, మార్చుకొస్తాను."

"బొట్టుపెట్టి, హారతిచ్చి, ఇంట్లో నిలబెట్టుకున్న సరస్వతిని అంగట్లో తిరిగిచ్చేస్తావా? బుద్ధుందిట్రా? రేప్పొద్దున దానికి చదువు కూడా అబ్బదు. బాగాలేకపోవడం ఏమిటి, అమ్మవారు బాగాలేకపోవడమా! ఇది సరిగ్గా కూర్చోదు, అదీ సంగతి. ఒసే నళినీ, అలా అనకూడదు, కళ్లుపోతాయి, లెంపలేసుకో."

నళిని లెంపలేసుకుంది. నా ముందు. విశ్వపతిగారు పెట్టె లోపల పెట్టి ఆఫీసుకెళ్లిపోయారు. చూశారుగా, ఎంత చక్కటి ఏర్పాటో! నేను దేవతని, నాలో లోపం ఉండకూడదు. మాస్టారు పెద్దాయన, ఆయన పొరబడకూడదు. తండ్రి ఏరికోరి కొన్నాడు, ఆయనని అనకూడదు. లోపం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఇంట్లో అందరికంటే చిన్నది ఎవరో వెతుక్కుంటే సరిపోయింది.

ఆ సాయంత్రం ఆఫీసునుంచి తిరిగొచ్చాక విశ్వపతిగారు కూతుర్ని పిలిచి తేల్చి చెప్పేశారు. "మాస్టారి దగ్గర వార్షికోత్సవం ఉందిట. అందరితోపాటు స్టేజి మీద కూర్చుని వాయించు. వాయించావా, మాస్టార్నే తీసుకెళ్లి మంచి ఫిడేలు కొనిస్తాను. లేదా, ఇంక దీని ఊసెత్తకు. బుద్ధిగా లెక్కలు చేసుకో." మాట తప్పే మనిషి కాదాయన. నళినికీ తెలుసు. ఆ రోజునుంచి ఆ పిల్ల సాధన చూస్తే మీకు జాలేస్తుంది. స్టేజి మీద వాయించాల్సిన గీతం నోటికొచ్చేసింది. వేళ్లు కాయలు కాశాయి. బిరడ జారకుండా ఎడమచేత్తో లోపలికి అదిమిపట్టి, కుడిచేత్తో కమాను లాగడానికి చూసేది. అది మూడో చెయ్యి ఉంటేగాని కుదరని పని. చివరికి సందులో కాగితం ముక్క దోపింది. అది కొన్నిసార్లు నిలిచేది.

వార్షికోత్సవం టౌన్‌హాల్లో. మల్లెపూలు, అగరొత్తులు, ముందు వరసలో పెద్దమనుషులు. పిల్లలందరికీ ఒకటే గీతం, అందరూ కలిసి. నళిని తెల్లపరికిణీ కట్టుకుని వరస చివర కూర్చుంది. విశ్వపతిగారు, తల్లి, బామ్మ మూడో వరసలో ఉన్నారు. మొదటి పాదం అద్భుతంగా వెళ్లింది. నిజం చెబుతున్నాను, నా జన్మలో నేను పలికిందల్లా ఆ ఒక్క పాదమే. ఆ పిల్ల కమాను కింద నేను ఫిడేలునని నాకే నమ్మకం కుదిరింది. రెండో పాదం సగంలో కాగితం ముక్క జారిపోయింది. బిరడ గిర్రున తిరిగింది. పంచమం కిందకి దిగిపోయింది.

నాకున్న ఒకే ఒక్క కోరిక, ఆ క్షణాన ఆ పిల్ల చెవిటిదైపోవాలని. అలాగే లాగుకుంటూ పోతే అంతమందిలో ఎవరికి తెలుస్తుంది? సుభద్రలా కళ్లు మూసుకుని గీసేస్తే అయిపోను. కాని నళిని వల్ల కాలేదు. తప్పు స్వరం పలికించడం దాని వల్ల కాదు. కమాను పైకెత్తేసింది. పక్కన అందరి కమానులూ కలిసి కదులుతుంటే, అది ఒక్కతే చెయ్యి గాల్లో పెట్టుకుని, కళ్లనిండా నీళ్లతో కూర్చుంది. హాలంతా దాన్నే చూసింది. గీతం అయిపోయింది, చప్పట్లు కొట్టారు.

మెట్ల దగ్గర మాస్టారు విశ్వపతిగారి భుజం మీద చెయ్యి వేశారు. "చూడండి విశ్వపతిగారూ, దాచి లాభం లేదు. అమ్మాయి బుద్ధిమంతురాలే. కాని శ్రుతిజ్ఞానం పుట్టుకతో రావాలండి. అది లేదు. మీరు అనవసరంగా మంచి ఫిడేలూ అదీ అని ఖర్చు పెట్టుకోకండి."

"పంచమం దిగిపోయింది నాన్నా," అంది నళిని.

"అందరివీ బాగానే ఉన్నాయిగా. నీ ఒక్కదానిదే దిగిపోయిందా?"

"అవును నాన్నా. నా ఒక్కదానిదే."

ఆయన గబగబా మెట్లు దిగి రిక్షాని పిలిచారు. ఇంటికొచ్చాక నన్ను గోడకి మేకు కొట్టి తగిలించారు. సరస్వతిని అటకమీద పడేస్తే పాపమని బామ్మ అంది. దసరాకి బొట్టు మాత్రం తప్పలేదు. ఒక ఏడాది పక్కింటివాళ్లు వాళ్ల పిల్లకి నారదుడి వేషం వేసి, తంబురా దొరక్క నన్ను పట్టించారు. ఆ పిల్లకి ప్రైజు కూడా వచ్చింది. నళిని ఆ వైపు చూడటమే మానేసింది. రేడియోలో ఫిడేలు వస్తే లేచి స్టేషను మార్చేది. మొదట్లో కోపంతో మార్చేది. ఆ తర్వాత, తనకి అర్థంకాని విషయం అన్నట్టు మార్చేది. ఎవరైనా ఒక మాటని పదేపదే మన గురించి అంటుంటే, ఒకరోజు మనమే అది చెప్పడం మొదలుపెడతాం. ఇంటికొచ్చిన చుట్టాలు నన్ను చూపించి, "నీకు ఫిడేలు వచ్చా అమ్మా?" అంటే, "నేర్చుకున్నానండీ, రాలేదు. నాకు శ్రుతిజ్ఞానం లేదు," అని నవ్వేది. ఎంత హాయిగా నవ్వేదో!

నళిని ఇప్పుడు రాజమండ్రిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. బామ్మ పోయాక పుట్టింటివాళ్లు నన్ను ఎవరికిచ్చినా పాపమేనని దానికే అంటగట్టారు. నళిని వాళ్ల హాల్లో టీవీ పైన, ప్లాస్టిక్ పూలగుత్తి పక్కన వేలాడుతున్నాను. నళినికి ఒక కూతురుంది, తన్వి. నాలుగో తరగతి. స్కూల్లో ప్రార్థనపాటకి ఎంచారట. మొన్న ఆదివారం పొద్దున ఆ పిల్ల నా కింద సోఫాలో కాళ్లూపుకుంటూ పాట సాధన చేస్తోంది. నళిని వంటింట్లో ఉంది. మిక్సీ తిరుగుతోంది, కుక్కర్ కూత పెడుతోంది.

"తన్వీ, రెండో లైన్లో పైకెళ్లేటప్పుడు గాంధారం తక్కువైంది చూసుకో. పైనుంచి అందుకో, సరిపోతుంది," అంది నళిని అక్కణ్ణుంచే, పోపు వేస్తూ, తల కూడా తిప్పకుండా.

తన్వి పైనుంచి అందుకుంది. సరిపోయింది. నాకు తీగలన్నీ జివ్వుమన్నాయి. ఆ చప్పుళ్లన్నిటి మధ్య, పక్కగదిలోంచి, ఎంత పిసరు తక్కువైందో పట్టేసింది! ఆ చెవి ఇంకా బతికే ఉంది. పిల్ల సోఫా మీద నిలబడి నన్ను కిందకి దించి, దుమ్ము ఊది, ఒక తీగ టింగుమనిపించింది. "అమ్మా, నేను వయొలిన్ నేర్చుకుంటానే," అని అరిచింది.

నళిని గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నన్ను పిల్ల చేతుల్లోంచి మెత్తగా తీసుకుంది.

"వద్దులే బంగారం. డబ్బు దండగ. మన ఇంట్లో ఎవరికీ శ్రుతిజ్ఞానం లేదు."

"నీకెవరు చెప్పారు?"

"మా మాస్టారు చెప్పారు. చాలా పెద్దాయన."

నన్ను మేకుకి తగిలించి, వంకర సరిచేసి, పోపు మాడుతోందని పరిగెత్తింది. తన్వి చేతులకంటిన నా దుమ్ము గౌనుకి తుడుచుకుంది. నిన్న సాయంత్రం దాని స్నేహితులు నలుగురొచ్చి హాల్లో అదే ప్రార్థనపాట కలిసి సాధన చేశారు. నేను పైనుంచి చూశాను. అందరూ గొంతెత్తి పాడుతున్నారు. తన్వి వాళ్ల మధ్యలో నిలబడి, చేతులు కట్టుకుని, చప్పుడు రాకుండా పెదవులు మాత్రం కదుపుతోంది.